వాచిన కాలు ఏం చెబుతుంది?

తర్లుపాడు వైపు కందిచేలో పనిచేస్తున్న ఒక మనిషికి పాదం మీద చురుక్కుమన్నదనుకోండి. కరిచిందేమిటో కనబడలేదు. గంట తిరక్కుండా పాదం వాచింది. వాపు చీలమండ దాటి పైకి పాకుతున్నది. ముల్లు గుచ్చుకున్నా వాస్తుంది, తేలు కుట్టినా వాస్తుంది కదా! ఇది ఏ వాపు?

ముల్లు గుచ్చుకున్నచోట చీముపట్టి వాయడానికి సాధారణంగా ఒకటి రెండు రోజులు పడుతుంది. తేలు కుడితే నొప్పి ఎక్కువ, వాపు తక్కువ. గంటల్లోనే పైకి పాకే వాపు కనబడితే ముందుగా పింజరి జాతి పామును అనుమానించాలి. వీటిలో పెద్దది రక్తపింజరి. దీనికి కాటుకరేకుల పొడ అనే పేరు కూడా ఉన్నది. విశాఖపట్నంలో పాములను పరిశీలించిన పాట్రిక్ రస్సెల్ 1796లో వెలువడిన తన గ్రంథంలో ఈ తెలుగు పేరునే వాడాడు.

పింజరి విషం సన్నని రక్తనాళాల గోడలను దెబ్బతీస్తుంది. రక్తంలోని ద్రవం బయటికి ఊరి కండల మధ్య చేరుతుంది. అదే వాపు. అంతకన్నా ప్రమాదకరమైన పని లోపల జరుగుతుంది. రక్తాన్ని గడ్డకట్టించే పదార్థాలను విషం అనవసరంగా పనిలోకి దింపి ఖర్చు చేసేస్తుంది. అవి అయిపోయాక రక్తం గడ్డకట్టదు. చిగుళ్ల నుంచి, మూత్రంలో రక్తం పడవచ్చు, మూత్రపిండాలు చెడిపోవచ్చు.

దీన్ని వైద్యుడు కనిపెట్టే పద్ధతి ఎంతో సులువైనది. సుమారు 2 మిల్లీలీటర్ల రక్తం తీసి, పొడిగా ఉన్న కొత్త గాజు గొట్టంలో పోసి, కదపకుండా 20 నిమిషాలు ఉంచుతాడు. తర్వాత వంచి చూస్తాడు. నీళ్లలా జారితే విషం పనిచేస్తున్నట్లే. గొట్టం గాజుదే ఎందుకు కావాలి? గాజు తగిలితే రక్తం గడ్డకట్టడం మొదలవుతుంది. ప్లాస్టిక్ గొట్టంలో అలా జరగదు, పరీక్ష తప్పుదారి పట్టిస్తుంది. వాపు అంచున కలంతో గీత గీసి, వేళ రాసి, ఎంత పాకిందో కూడా చూస్తారు.

ఆసుపత్రికి చేరేదాకా మీరేం చేయాలి? పట్టీలు, మెట్టెలు, ఉంగరాలు వెంటనే తీసేయండి. వాచాక అవి కోసుకుపోతాయి. కాలికి బద్ద ఆనించి, కదలకుండా పట్టుకుని, 108కి కబురు చేయండి. రోగిని నడిపించవద్దు. తాడుతో బిగించి కట్టడం మన పల్లెల్లో ఇంకా పోని అలవాటు. దానివల్ల రక్తప్రసారం ఆగి, వాచిన కాలు మరింత చెడుతుంది. గాటు పెట్టడమూ అంతే. గడ్డకట్టని రక్తం ఆగకుండా కారుతుంది.

ఒక హెచ్చరిక: కట్లపాము కరిస్తే వాపే ఉండకపోవచ్చు. వాపు లేదు కదా అని ఇంట్లో కూర్చోకూడదు.

విషానికి విరుగుడు మందు గుర్రాల రక్తం నుంచి తయారవుతుంది. ఇది రక్తంలో తిరిగే విషాన్ని పట్టి నిర్వీర్యం చేస్తుంది గాని, వచ్చిన వాపును తగ్గించలేదు. అందుకే త్వరగా అందాలి. అన్నట్టు, పదేళ్ల పిల్లవాడికీ పెద్దవాడికీ ఈ మందు మోతాదు ఒక్కటే. మనిషి చిన్నవాడని పాము విషం తగ్గించి ఎక్కించదు కదా!