పాత స్కిడ్ స్టీర్ లోడరుకు ఏ హైడ్రాలిక్ నూనె పోయాలి?

రైసు మిల్లులో ధాన్యపు రాశిని తోయడానికి, ఇటుక బట్టీలో మట్టి ఎత్తడానికి, కోళ్ల ఫారంలో పెంట తీయడానికి సెకండ్ హ్యాండు స్కిడ్ స్టీర్ లోడరు కొనుక్కున్న కుటుంబాలకు మొదటి వేసవిలోనే ఒక సమస్య ఎదురవుతూ ఉంటుంది. ఉదయం బాగానే పనిచేసిన యంత్రం మధ్యాహ్నానికి నీరసిస్తుంది. బకెట్ నెమ్మదిగా లేస్తుంది, మెరక ఎక్కేటప్పుడు చక్రాలు లాగవు. చూసిన మెకానిక్ చెప్పే మాట కూడా దాదాపు ఒకటే: "పంపు అరిగింది అన్నా, ఇంకొంచెం చిక్కటి ఆయిల్ పోద్దాం." ఈ సలహాలో కొంత నిజం ఉన్నది. అయితే దానిని గుడ్డిగా పాటించినందువలన పూర్తిగా పాడైపోయిన పంపులు కూడా ఉన్నవి. అప్పు చేసి కొన్న యంత్రానికి పంపు మార్చవలసి వస్తే ఆ ఏటి సంపాదన దానికే సరిపోతుంది.

మన జనం ఏ కంపెనీ యంత్రాన్నైనా 'బాబ్‌కాట్' అనే పిలుస్తారు. ఈ జాతి యంత్రం పుట్టింది అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రంలో. 1957లో కెల్లర్ సోదరులు ఒక టర్కీ కోళ్ల రైతు కోరికపై, ఇరుకైన షెడ్డులో తిరిగి పెంట ఎత్తడానికి దీనిని తయారు చేశారు. తొలి నమూనాలలో చక్రాలను క్లచ్‌లు తిప్పేవి. తరువాతి కాలపు నమూనాలలో ఆ పనిని కూడా హైడ్రాలిక్ నూనెకే అప్పగించారు. ఇంజను పంపులను తిప్పుతుంది. పంపులు నూనెను ఒత్తిడితో కుడి, ఎడమ మోటార్లకు పంపుతాయి. ఆ మోటార్లు చైన్ల ద్వారా చక్రాలను తిప్పుతాయి. బకెట్‌ను లేపేది కూడా ఆ టాంకులోని నూనెయే. ట్రాక్టరులో లిఫ్టు నూనె చెడితే లిఫ్టు మాత్రమే మొరాయిస్తుంది. ఇక్కడ నూనె చెడితే బండి కదలదు.

ఇక దుకాణంలో వినిపించే '46', '68' అంకెల సంగతి. ఇవి నాణ్యతకు మార్కులు కావు. 40 డిగ్రీల సెల్సియస్ వేడి వద్ద నూనె ఎంత చిక్కగా ఉంటుందో తెలిపే అంకెలు. 46 గ్రేడు అనగా ఆ వేడిలో దాని స్నిగ్ధత సుమారు 46 సెంటీస్టోకులు. పదో వంతు అటూ ఇటూ ఉండవచ్చును. కాని పనిలో ఉన్న లోడరు నూనె 40 డిగ్రీల వద్ద ఆగదు. 60, 80 డిగ్రీల వరకు పోతుంది. వేడి పెరిగేకొద్దీ ప్రతి నూనె పలచబడుతుంది. 100 డిగ్రీల వద్ద సాధారణ 46 గ్రేడు 7 సెంటీస్టోకుల దరిదాపులకు, 68 గ్రేడు 9 దరిదాపులకు దిగిపోతాయి. అసలు పోల్చవలసినది ఈ వేడి మీది చిక్కదనాన్ని.

చాలామందికి ఆశ్చర్యం కలిగించే విషయం ఇక్కడే ఉన్నది. పాత బాబ్‌కాట్ నమూనాల యజమాని పుస్తకాలలో కంపెనీ సొంత హైడ్రాలిక్ నూనె దొరకనప్పుడు 10 డబ్ల్యూ 30 లేదా 10 డబ్ల్యూ 40 ఇంజన్ ఆయిలు పోయవచ్చునని ఉంటుంది. హైడ్రాలిక్ టాంకులో ఇంజన్ ఆయిలా అని మెకానిక్ నవ్వవచ్చును. కాని 10 డబ్ల్యూ 30 నూనె 100 డిగ్రీల వద్ద కూడా 9.3 సెంటీస్టోకులకు తగ్గకూడదన్నది నియమం. చల్లగా ఉన్నప్పుడు అది ఇంచుమించు 68 గ్రేడు వలె పారుతుంది. వేడెక్కినప్పుడు దానికంటే తక్కువగా పలచబడుతుంది. అరుగుదలను తగ్గించే జింకు మిశ్రమం కూడా అందులో ఉంటుంది. అయితే అది డబ్బా విప్పిన కొత్త నూనె అయి ఉండాలి. ఇంజను నుండి తీసిన నల్లటి వాడిన నూనెను వడగట్టి పోసేవారు లేకపోలేదు; అంతకంటే చేటు మరొకటి లేదు.

ఇంజన్ ఆయిలుకు ఒక లోపమున్నది. మసిని తనలో కలుపుకొనే గుణం వలన నీటిని కూడా తనలోనే పట్టి ఉంచుతుంది. మంచి హైడ్రాలిక్ నూనె నుండి నీరు విడిపోయి అడుగుకు చేరుతుంది, కాబట్టి తీసివేయవచ్చును. వానలో ఆరుబయట నిలిపే యంత్రంలో ఇంజన్ ఆయిలు పోసినవారు దాని రంగును తరచుగా చూసుకోవలసి ఉంటుంది. పాలు కలిపినట్లు తెల్లబడితే నీరు చేరినట్లే, మార్చక తప్పదు.

మరి చిక్కటి నూనె మాటేమిటి? అరిగిన పంపులో సందులు పెరుగుతాయి. వేడికి పలచబడిన నూనె ఆ సందులలో నుండి వెనుకకు జారుతుంది. చిక్కటి నూనె తక్కువగా జారుతుంది. అందుచేత 100 గ్రేడు పోయగానే మధ్యాహ్నం బలం కొంత తిరిగి వచ్చినట్లు కనిపిస్తుంది. చెరుపు తెల్లవారుజామున జరుగుతుంది. చల్లటి చిక్కటి నూనె పంపుకు సమయానికి అందదు. పంపు లోపల బుడగలు ఏర్పడి, పగిలి, లోహాన్ని కొరికివేస్తాయి. స్టార్టు చేయగానే గులకరాళ్లు కదిలినట్లు చప్పుడు వచ్చేది ఇందువల్లనే. వేసవిలో 40 డిగ్రీలు దాటే రాయచూరు, బళ్లారి పల్లెలకూ, చలికాలపు వేకువన 10 డిగ్రీల లోపుకు దిగే కోరాపుట్ కొండలకూ ఒకే మందు పనికిరాదు. పుస్తకంలో చెప్పిన హద్దులోనే, వేడి ప్రాంతంవారు ఎగువ గ్రేడును, చలి ప్రాంతంవారు మల్టీగ్రేడును ఎంచుకోవడం క్షేమం.

బలం తగ్గిన ప్రతిసారీ తప్పు నూనె గ్రేడుది కాకపోవచ్చును. ముందుగా చూడవలసినది నూనె కూలరు. దుమ్ము, వరిపొట్టు దాని రేకుల మధ్య కూరుకుపోతే గాలి ఆడదు, నూనె కాగిపోతుంది. కాగిన నూనెకు వేడి ప్రతి 10 డిగ్రీలు పెరిగినప్పుడు ఆయుష్షు సుమారు సగానికి తగ్గుతుంది. తరువాత ఫిల్టరు. పంపులోని సందులు వెంట్రుక మందం కన్నా సన్ననివి. కంటికి కనబడని ఇసుక చాలు వాటిని గీరడానికి. మూత తెరిచేముందు చుట్టూ తుడవడం, మూత ఉన్న శుభ్రమైన డబ్బాతోనే పోయడం, ఇవి ఖర్చులేని పనులు. చైను పెట్టెలో నూనె మట్టం దానంతటదే పెరుగుతూ ఉంటే మోటారు సీలు కారుతున్నదని అర్థం. అప్పుడు టాంకులో ఎంత పోసినా నిలువదు.

పాత యజమాని ఏ నూనె పోశాడో తెలియనప్పుడు దాని మీద కొత్తది కలపడం మంచిది కాదు. జింకు ఉన్న నూనె, లేని నూనె కలిస్తే జిగురు తేలి ఫిల్టరు మూసుకుపోయే ప్రమాదమున్నది. మొత్తం తీసివేసినా సిలిండర్లలో, హోస్ పైపులలో కొంత మిగిలే ఉంటుంది. కనుక కొత్త నూనె, కొత్త ఫిల్టరు వేసి సుమారు 50 గంటలు నడిపిన తరువాత మరొకసారి మార్చడం మంచిది. రెండుసార్ల ఖర్చు భారమే, అయినా పంపు ఖర్చు ముందు అది చిన్నది. బ్రేకు ఆయిలు మాత్రం ఒక్క చుక్క కూడా కలపరాదు. రబ్బరు సీళ్లు ఉబ్బి పాడవుతాయి.

ఇంట్లోని కుర్రవాళ్లకు తప్పక చెప్పవలసిన మాట ఒకటున్నది. హోస్ పైపు ఎక్కడ కారుతున్నదో చేతితో తడిమి చూడరాదు. చదరపు అంగుళానికి 2000 పౌండ్ల ఒత్తిడిలో సన్నని రంధ్రం నుండి వచ్చే నూనె చర్మాన్ని చీల్చుకొని లోనికి పోతుంది. పైకి సూదిమొన గాయమే కనిపిస్తుంది, నొప్పి కూడా మొదట అంతగా ఉండదు. కాని కొద్ది గంటలలోనే లోపలి కండరం చెడి, వేలు, ఒక్కొక్కప్పుడు చేయి తీసివేయవలసిన స్థితి వస్తుంది. పసుపు అద్ది ఊరుకోకుండా వెంటనే శస్త్రచికిత్స జరిగే ఆసుపత్రికి వెళ్లి, హైడ్రాలిక్ నూనె ఒత్తిడితో లోనికి పోయిందని స్పష్టంగా చెప్పాలి. లీకు చూడడానికి అట్టముక్క చాలు. బకెట్‌ను నేలకు దించి, ఇంజను ఆపి, లివర్లు కదిపి ఒత్తిడి తీసిన తరువాతనే పైపు విప్పాలి.

పుస్తకం లేకుండా చేతికి వచ్చిన యంత్రమైతే, దాని చట్రం మీది నమూనా అంకెను, వరుస సంఖ్యను డీలరుకు చూపి సరైన గ్రేడు తెలుసుకోవచ్చును. దుకాణంలో మాట కన్నడమైనా, తమిళమైనా, ఒడియా అయినా గ్రేడు అంకెలు అంతటా ఒక్కటే. పోసిన నూనె గ్రేడు, తేదీ, మీటరులోని గంటలు టాంకు మూత పక్కన పెయింటుతో రాసిపెడితే, తరువాత డబ్బా పట్టుకొని వచ్చే డ్రైవరు ఎవరినీ అడగనక్కరలేదు.