చిన్న ఇంట్లో చేతి వాద్యం: కొనేముందు ఒక్క మాట



కొంతకాలం క్రితం మా ఫిజియోథెరపీ గదికి ఒక పెద్దాయన వచ్చేవారు. పక్షవాతం వచ్చి ఎడమ చేయి పట్టు తప్పింది. పడుచు వయసులో కామవరపుకోట చుట్టుపక్కల పల్లెల్లో పాటలకు ఢోలక్ వాయించిన మనిషి. వ్యాయామం చెయ్యమంటే విసుక్కునేవారు. ఎక్కడైనా పాట వినపడితే మాత్రం కుడిచేతి వేళ్ళు మంచం పట్టె మీద వాటంతటవే ఆడేవి. అది చూసి వాళ్ళబ్బాయి, "నాన్నకి ఒక ఢోలక్ కొనమంటారా సిస్టర్ గారూ?" అని అడిగారు. "కొనండి బాబూ, మంచిదే" అన్నాము.

మూడు వారాల తర్వాత ఢోలక్ సంగతి అడిగితే, "అటకెక్కిందండీ" అన్నారు. అప్పుడు గాని మేము వివరాలు కనుక్కోలేదు. వారిది రెండు గదుల ఇల్లు, పైన రేకులు. ఇంట్లో 5 నెలల పసిపాప. పక్కింటికీ వీరికీ ఒకటే గోడ. పెద్దాయన ఒక దెబ్బ వేస్తే పాప ఉలిక్కిపడి లేచేది. పక్కింటివారు ఒకటి రెండుసార్లు మెల్లగా చెప్పి, మూడోసారి గట్టిగానే అన్నారు. పైగా ఢోలక్ ఎడమ ముఖం మీదికి ఆయన చేయి చాలినంత లేవలేదు. తనకు వచ్చిన విద్యే తన చేతికి రాకపోయేసరికి చిన్నబుచ్చుకుని, ఇక దాని వైపు చూడలేదు.

తప్పు ఆ కుటుంబానిది కాదు, మాది. చేతిని చూశాము గాని, ఇంటిని గురించి అడగలేదు. ఇంట్లో పాటకు తోడుగానో, పిల్లల సరదాకో, పెద్దల కాలక్షేపానికో ఒక చేతి వాద్యం కొనాలనుకునే కుటుంబాలు మనలో చాలా ఉన్నాయి. మేము చేసిన పొరపాటు మీరు చెయ్యకుండా ఈ నాలుగు మాటలు రాస్తున్నాము.

చిన్న గదిలో శబ్దం

దుకాణంలో నలుగురి సందడి మధ్య చిన్నగా వినిపించిన వాద్యమే ఇంట్లో పెద్దగా వినిపిస్తుంది. గచ్చు నేల, సిమెంటు గోడలు, రేకుల కప్పు శబ్దాన్ని పీల్చుకోవు, తిప్పి కొడతాయి. సన్నని శబ్దం తలుపు వేస్తే కొంత తగ్గుతుంది. "ధుమ్" అనే బరువైన శబ్దం మాత్రం గోడ దాటి పక్కింటికి పోతుంది. వాద్యం నేలమీద ఆనితే నేల గుండా కూడా పోతుంది. కాబట్టి చిన్న ఇంటికి మొదటి సూత్రం ఇది: లోతైన శబ్దం ఎంత తక్కువైతే ఇరుగుపొరుగుతో అంత సఖ్యత.

చెవి సంగతి కూడా తెలుసుకుందాం. శబ్దాన్ని డెసిబెల్స్‌లో కొలుస్తారు. మామూలు మాటలు సుమారు 60 ఉంటాయి. పని స్థలాల కోసం నిపుణులు చెప్పిన హద్దు 85 డెసిబెల్స్ దగ్గర రోజుకు 8 గంటలు. ఆపైన 3 పెరిగినప్పుడల్లా ఆ సమయం సగమవుతుంది. 88 అయితే 4 గంటలు, 91 అయితే 2 గంటలు, 100 అయితే 15 నిమిషాలే. చిన్న గదిలో గట్టిగా కొట్టే వాద్యం 90 దాటడం పెద్ద విషయం కాదు. కొలిచే యంత్రం లేకపోయినా గుర్తుపట్టవచ్చు. చేయి చాచినంత దూరంలో ఉన్న మనిషితో అరిచి మాట్లాడవలసి వస్తే ఆ శబ్దం ఎక్కువే. వాయించాక చెవిలో గుయ్యిమని మోత వస్తే అది హెచ్చరిక. శబ్దం వల్ల పోయిన వినికిడి తిరిగి రాదు. పసిపిల్లలు చెవి నొప్పి అని చెప్పలేరు గనుక వాయించే గదిలో వారిని ఉంచకండి.

ఏ వాద్యం ఎలాంటిది?

డప్పు: మన సంఘాల్లో చాలా కుటుంబాల పెద్దలకు ఇది చేతిలో ఉన్న విద్య. చెక్క చట్రానికి మేకతోలు బిగించి, మంట దగ్గర కాచి, రెండు పుల్లలతో వాయిస్తారు. ఊరి ఈ చివర కొడితే ఆ చివర వినపడాలని పుట్టిన వాద్యం ఇది. దాని గొప్పతనం ఆరుబయటే. నాలుగు గోడల మధ్య వాయిస్తే చెవికీ హాని, డప్పుకూ అన్యాయం.

ఢోలక్: పాటకు నిండుదనం ఇస్తుంది, కొద్దిగా వచ్చినా సరదాగా ఉంటుంది. ఉత్తరప్రదేశ్‌లోని అమ్రోహా పట్టణం దీని తయారీకి పేరు పొందింది. మామిడి, శీషం వంటి చెక్కలతో చేస్తారు. ఎడమ ముఖానికి లోపల మసాలా పూస్తారు, అందుకే అటు శబ్దం బరువు. చిన్న ఇంట్లో చిక్కు తెచ్చేది ఆ బరువే. రెండు చేతులూ సమానంగా ఆడాలి. ఇల్లు విడిగా ఉండి, పసిపిల్లలు లేకపోతే కొనుక్కోవచ్చు. తాళ్ళు, కడియాలు ఉన్నదాని కంటే నట్లు, బోల్టులు ఉన్నదాన్ని కొత్తవారు బిగించుకోవడం తేలిక.

తబలా: ఢోలక్ కంటే మెత్తగా వాయించుకోవచ్చు. కానీ రెండు వాద్యాల ఖర్చు, సుత్తితో శ్రుతి చేసే పని, నేర్పే గురువు అవసరం. బాసింపట్టు వేసుకుని కూర్చోవాలి. మోకాళ్ళ నొప్పులున్నవారు ముందే ఆలోచించుకోవాలి.

మృదంగం: పనస చెక్కతో చేసే ఈ వాద్యం సరదాకు కాదు, సాధనకు. మన ఏలూరులో పుట్టి, తండ్రి నిడుమోలు రాఘవయ్య గారి దగ్గర మృదంగం నేర్చుకున్న సుమతి గారికి 2021లో పద్మశ్రీ ప్రకటించారు. ఆడపిల్లల చేతికి ఇటువంటి వాద్యాలు నప్పవనే మాటకు మన జిల్లాలోనే జవాబు ఉంది. మీ అమ్మాయికి ఆసక్తి ఉంటే ఆపకండి, గురువు దగ్గర చేర్చండి.

కంజీర: జానెడు వెడల్పున్న చెక్క చట్రం, ఒక వైపే తోలు, పక్కన ఒక జత బిళ్ళలు. ఒక చేత్తో పట్టుకుని మరో చేత్తో వాయిస్తారు. గోడకు మేకుకు తగిలించవచ్చు, సంచిలో వేసుకుని పోవచ్చు. వేళ్ళ కొసలతో తడితే పక్క గదిలో పాప నిద్ర చెడదు. చిన్న ఇంటికి మా మొదటి ఓటు దీనికే. కానీ ఒక హెచ్చరిక. పూర్వం కంజీరకు ఉడుము తోలు వేసేవారు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం ఉడుమును చంపడం, దాని తోలు అమ్మడం, కొనడం నేరం. ఎవరైనా "అసలు ఉడుము తోలు" అని మురిపిస్తే తీసుకోకండి. మేకతోలుదో, సింథటిక్ తోలుదో అడగండి.

టాంబరిన్: ఆరాధనల్లో అక్కచెల్లెళ్ళ చేతుల్లో చూస్తుంటాము. నిర్గమకాండములో మిర్యాము చేత పట్టుకున్నదానిని మన తెలుగు బైబిలులో తంబుర అన్నారు. మనకు తంబుర అంటే తీగల వాద్యం గుర్తుకు వస్తుంది. ఆమె పట్టుకున్నది మాత్రం చట్రానికి తోలు బిగించిన చేతి వాద్యమే. నేటి టాంబరిన్ బిళ్ళల శబ్దం పదునైనది, పక్కవారి చెవి దగ్గర ఊపకూడదు. ఇంట్లో అయితే కొన్ని బిళ్ళలకు గుడ్డపీలిక చుడితే మెత్తబడుతుంది.

పట్నం దుకాణాల్లో ఆఫ్రికా జెంబే, పెరూ దేశపు కహోన్ కూడా దొరుకుతున్నాయి. జెంబే డప్పులాగే నలుగురు కూడిన బయలుకోసం పుట్టింది, శబ్దం ఎక్కువ. కహోన్ అంటే చెక్క పెట్టె. దానిమీదే కూర్చుని ముందు పలకను వాయిస్తారు కాబట్టి నేల మీద కూర్చోలేనివారికి అనుకూలం. లోతైన శబ్దం దీనికీ ఉంది, కింద మందపాటి బొంత వేయాలి.

కొనేటప్పుడు

ముందు ఒక నెల ఏమీ కొనకండి. పిల్లలను పీట మీద వాయించనివ్వండి. నెల తర్వాత కూడా సరదా తగ్గకపోతే అప్పుడు దుకాణానికి వెళ్ళండి. వాయించబోయే మనిషిని వెంట తీసుకువెళ్ళండి. పది నిమిషాలు ఒళ్ళో పెట్టుకుని చూడమనండి. మణికట్టు వంచవలసి వస్తున్నా, భుజం ఎత్తవలసి వస్తున్నా అది ఆ మనిషికి సరిపడే కొలత కాదు.

అంచు చుట్టూ బొటనవేలితో తడిమి చూడండి. పెచ్చులు, మేకుల మొనలు ఉండకూడదు. అంచు పొడవునా నాలుగు చోట్ల తట్టండి. ఒకచోట కంగుమని, మరొకచోట బొదబొదమని వస్తే బిగింపు సమంగా లేనట్టు. చెక్కలో బీట ఉంటే తట్టినప్పుడు చిటచిటమంటుంది. తోలును వెలుతురుకు పట్టి పలచబడిన చోట్లు చూడండి. కుళ్ళు వాసన, బూజు ఉంటే వద్దు.

పచ్చితోలు తెచ్చి ఇంట్లో గీకి బిగించడం వద్దని గట్టిగా చెబుతున్నాము. జబ్బుతో చనిపోయిన పశువు తోలులో ఆంత్రాక్స్ క్రిములు ఉండవచ్చు. 2006లో న్యూయార్క్‌లోనూ, 2008లో లండన్‌లోనూ డోలు తయారుచేసేవారికి తోళ్ళ ద్వారా ఈ జబ్బు సోకింది. లండన్ మనిషి ప్రాణం పోయింది. శుద్ధి చేసి బిగించిన వాద్యాన్ని వాయించేవారికి ఆ భయం దాదాపు లేదు. ప్రమాదమంతా పచ్చితోలు గీకే పనిలోనే.

చేతులు జాగ్రత్త

ఉంగరాలు, గాజులు తీసి కూర్చోండి. మొదట వేళ్ళు, మణికట్టు కాసేపు ఆడించి, మెత్తగా మొదలుపెట్టండి. కొత్తవారికి రోజుకు 10 నిమిషాలు చాలు. శబ్దం బలం వల్ల రాదు, చేయి వదులుగా ఉంటే వస్తుంది. నొప్పి గాని, తిమ్మిరి గాని వస్తే ఆపండి.

షుగరు ఉన్నవారికి వేళ్ళలో స్పర్శ తగ్గి ఉండవచ్చు. పగుళ్ళు, బొబ్బలు తెలియవు. వాయించాక ప్రతిసారి వేళ్ళు చూసుకోవాలి. పక్షవాతం నుంచి కోలుకుంటున్నవారికి లయ మంచి తోడు. తాళానికి అనుగుణంగా అడుగులు వేయించడం ఫిజియోథెరపీలో ఉన్న పద్ధతే. కానీ ముందు డాక్టరు గారిని, ఫిజియోథెరపిస్టును అడిగి మొదలుపెట్టండి. వాద్యం మందుకు, వ్యాయామానికి తోడే గాని బదులు కాదు.

వానాకాలం, ఎండాకాలం

తోలు తేమకు వదులవుతుంది, ఎండకు బిగుస్తుంది. కొల్లేరు వైపు తడిగాలికి జారిపోయిన తోలే మెట్టలో మే నెల ఎండకు చిట్లవచ్చు. పొయ్యి దగ్గర, రేకుల కింద వేడి తగిలే చోట తగిలించకండి. పొడిగుడ్డతో తుడిచి నూలు సంచిలో ఉంచండి. ముసురు రోజుల్లో లేత ఎండ కాసేపు చూపితే చాలు. ఎక్కువ తడి ఉండే ఊళ్ళలో సింథటిక్ తోలు నయం. బూజు పట్టిన వాద్యాన్ని ఉబ్బసం ఉన్నవారి గదిలో పెట్టకండి. పురుగు పట్టకుండా సంచిలో కలరా ఉండలు వెయ్యవద్దు. పిల్లలు మిఠాయి అనుకుని మింగే ప్రమాదం ఉంది. కొందరు పిల్లల్లో పుట్టుకతోనే ఉండే ఒక లోపం వల్ల ఆ ఉండలు ఎర్ర రక్తకణాలను పగలగొడతాయి. ఎండిన వేపాకు వేసుకోండి.

ఇంట్లో ఒప్పందం

వాద్యం తెచ్చిన రోజే వేళ నిర్ణయించుకోండి. పక్కింటివారితో కూడా ఒక మాట చెప్పండి. చెప్పి వాయించిన పావుగంటకు గొడవ రాదు, చెప్పకుండా వాయించిన ఐదు నిమిషాలకు వస్తుంది. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ హద్దు. రాత్రి అంటే 10 గంటల నుంచి ఉదయం 6 వరకు. ఆసుపత్రుల చుట్టూ 100 మీటర్లు నిశ్శబ్ద ప్రాంతం. మా వార్డుల్లో నిద్రపట్టక అటూ ఇటూ దొర్లే రోగులను రోజూ చూస్తున్నాము గనుక ఈ మాట మరీ నొక్కి చెబుతున్నాము.

ఇక ఆ పెద్దాయన సంగతి. ఢోలక్‌ను ఊళ్ళో పాడే కుర్రాళ్ళకు ఇచ్చేసి, మేకతోలు కంజీర ఒకటి తెచ్చారు. దిండు ఒళ్ళో పెట్టుకుని, దానిమీద కంజీర ఉంచి, మొదట కుడిచేత్తో, తర్వాత ఎడమచేత్తో తట్టమని నేర్పాము. మొదట్లో ఎడమచేయి పడిందే గాని పలకలేదు. కొన్ని వారాలకు పలికింది. తర్వాత ఎడమచేత్తో కాసేపు పట్టుకోవడం కూడా వచ్చింది. చేయి మునుపటిలా అయిందని మేము చెప్పము, అవ్వలేదు. అయితే వ్యాయామం పేరెత్తితే ముఖం తిప్పుకున్న మనిషి, సాయంత్రం 6 కాగానే తానే కంజీర అడుగుతున్నారట. పాప దాని బిళ్ళలు పట్టుకోవాలని చేతులు చాస్తుందట. "తాతా మనవరాలికి రోజూ పోటీయే సిస్టర్ గారూ" అని వాళ్ళబ్బాయి నవ్వుతూ చెప్పారు.

గుర్తుంచుకోండి

* వాద్యం కంటే ముందు ఇంటిని చూడండి: గోడ, పసిపిల్ల, ముసలివారు, పొరుగు.
* చిన్న ఇంటికి చిన్న గొంతున్న వాద్యం. కంజీరతో మొదలుపెట్టండి.
* ఉడుము తోలు, పచ్చితోలు, కలరా ఉండలు వద్దు.
* రోజుకు 10 నిమిషాలు, చెప్పిన వేళకు. చెవిలో మోత వస్తే ఆపండి. మర్నాటికీ తగ్గకపోతే డాక్టరు గారికి చూపించుకోండి.