నేలపై నావ నడక

సముద్రపు పోటును పడవ తట్టుకుంటుంది. నేలమీది కుదుపే దానికి అలవాటు లేనిది. అండమాన్ నికోబార్ దీవులలో ఈ రెండవ కష్టం 2004 డిసెంబరు 26 తరువాత ఎక్కువయింది. ఆనాటి భూకంపానికి దక్షిణపు కొసన ఇందిరా పాయింటు వద్ద నేల సుమారు 4.25 మీటర్లు కుంగింది. ఉత్తరాన దిగ్లీపూర్ ప్రాంతంలో తీరం పైకి లేచి పగడపు దిబ్బలు బయటపడ్డాయి. సునామీలో తుడిచిపెట్టుకుపోయిన నికోబారు గ్రామాలు అనేకం తీరానికి ఎడంగా, మెరకమీద తిరిగి వెలిశాయి. ఇల్లు క్షేమమైన చోటికి చేరింది. కాని ఇంటికీ కడలికీ నడుమ దూరం పెరిగింది.

పూర్వం ఒడ్డు దూరాన్ని భుజబలమే దాటించేది. మాను తొలిచి చేసిన ‘హోడీ’ని నికోబారీలు పదిమందీ చేరి ఈడ్చేవారు. ఆంధ్రతీరం నుంచి వలస వచ్చిన తెలుగు జాలరులకూ ఆ పట్టు తెలిసినదే. ఫైబరు పడవకూ, దాని వెనుక బిగించిన ఇంజనుకూ చక్రాల ఆసరా కావాలి. అయితే తారురోడ్డుకోసం తయారైన ట్రైలరు ఇసుకలో కూరుకుపోతుంది. అడవిబాటలో వేళ్లకు తట్టుకుంటుంది.

దానిని మలచడం అసాధ్యం కాదు. కమాను పట్టీల పైనున్న ఇరుసును వాటి కిందికి మార్చితే చట్రం ఎత్తు లేస్తుంది. ఎత్తు పెరిగినకొద్దీ ఒరిగే భయమూ పెరుగుతుంది గనుక చక్రాల ఎడం తగ్గకూడదు. ఆ ఎడం ముందున్న జీపు చక్రాలకు సరిపోతే, రెండూ ఒకే గాడిలో నడుస్తాయి. వెడల్పు టైర్లలో గాలి కొంత తగ్గించితే అవి ఇసుకమీద పరచుకొని దిగబడకుండా సాగుతాయి. గట్టి రోడ్డెక్కగానే తిరిగి గాలి నింపాలి. కొక్కెం అన్నివైపులకూ తిరిగేదిగా ఉండాలి. లేకుంటే గోతిలో జీపు ఒకవైపు, పడవ మరొకవైపు ఒరిగినప్పుడు అది విరుగుతుంది.

బరువు సర్దుబాటు ఎడ్లబండి తోలిన ప్రతివారికీ తెలుసు. వెనుక బరువైతే నొగలు పైకి లేస్తాయి. ట్రైలరుకూ అదే న్యాయం: మొత్తం బరువులో సుమారు పదోవంతు కొక్కెంమీద పడాలి.

ఇక ఉప్పునీరు. ప్రయాణంలో వేడెక్కిన చక్రాన్ని వెంటనే నీటిలో దించితే, లోపలి గాలి చల్లబడి ముడుచుకొని బేరింగులలోనికి నీటిని లాగుతుంది. గ్రీజు చెడుతుంది, తుప్పు మొదలవుతుంది. కొంతసేపు ఆగి దించడం, తిరిగి వచ్చాక మంచినీటితో కడగడం, చట్రానికి జింకు పూత వేయించడం ఖర్చుకు తగిన జాగ్రత్తలు.

తుఫాను హెచ్చరిక వచ్చిన సాయంత్రం ఈ శ్రమకు విలువ తెలుస్తుంది. చీకటి పడకముందే పడవ మెరకకు చేరితే, గాలి అణగిన మరునాడు ఆ ఇంటి పొయ్యి వెలుగుతుంది.