మోర్సు సంకేతంలో లోపాన్ని కనిపెట్టడం ఎలా?



మీరెప్పుడైనా పద్యం చదువుతూ ఫోనులో రికార్డు చేసుకొని, తరువాత విన్నారా? “ఇది నా గొంతేనా?” అని ఆశ్చర్యపడి ఉంటారు. ‘ళ’ పలకవలసిన చోట ‘ల’ పలికామని, ‘ణ’ పలకవలసిన చోట ‘న’ పలికామని అప్పుడే తెలుస్తుంది. మన మాట ఎదుటివారికి ఎలా చేరుతున్నదో మన చెవి మనకు పూర్తిగా చెప్పదు. రేడియోలో మోర్సు సంకేతాలు పంపేవారికి కూడా ఇదే ఇబ్బంది. వారు దానిని ఎలా దాటుతారో ఈ వ్యాసంలో తెలుసుకుందాం.

హామ్‌లు ఎవరు?

జీతం కోసం కాక, విద్య కోసం, స్నేహం కోసం, ఆపదలో సాయపడడం కోసం రేడియో నడిపేవారిని హామ్‌లు అంటారు. ప్రభుత్వ అనుమతి లేనిదే ఎవరూ ప్రసారం చేయరాదు. అనుమతి పొందిన ప్రతివారికీ ఒక పిలుపు గుర్తు ఉంటుంది. మనముంటున్న ఎమిరేట్స్‌లో అది ‘ఏ6’తోను, భారతదేశంలో ‘వి.యు.’తోను మొదలవుతుంది. మన అల్ నహ్దాలోని ఒక మేడ మీది నుండి బయలుదేరిన సంకేతం హైదరాబాదు చేరాలంటే సుమారు రెండున్నర వేల కిలోమీటర్లు ప్రయాణించాలి. అంత దూరం పోయిన సంకేతం ఏ రూపంలో చేరినదో పంపినవారికి కనబడదు. సంకేతం పంపుతున్నప్పుడు వారికి వినిపించే శబ్దం సాధారణంగా వారి యంత్రం వారి కోసమే తయారుచేసే శబ్దం. బయటికి వెళ్ళే సంకేతం చెడిపోయినా, లోపల వినిపించేది మధురంగానే ఉండవచ్చు!

చుక్క, గీత, నిశ్శబ్దం

మోర్సు లిపిలో ప్రతి అక్షరమూ చుక్కలతో, గీతలతో ఏర్పడుతుంది. గీత పొడవు మూడు చుక్కలతో సమానం. ఒకే అక్షరంలోని గుర్తుల మధ్య ఒక చుక్కంత, అక్షరాల మధ్య మూడు చుక్కలంత, మాటల మధ్య ఏడు చుక్కలంత నిశ్శబ్దం ఉండాలి. నిమిషానికి 20 మాటల వేగంతో పంపితే ఒక చుక్కకు పట్టే కాలం సెకనులో వెయ్యోవంతులు 60 మాత్రమే. ఆంగ్ల అక్షరం ‘ఇ’కి ఒక చుక్క, ‘ఐ’కి రెండు, ‘ఎస్’కు మూడు, ‘హెచ్’కు నాలుగు. అంకె 5కు ఐదు చుక్కలు. అందులో ఒక్క చుక్క దారిలో మాయమైతే 5 కాస్తా ‘హెచ్’ అవుతుంది. ఐదుగురికి మందులు కావాలన్న కబురులో అంకెయే లేకుండా పోతుంది. కనుక ఇక్కడ శుభ్రత అలంకారం కాదు, అవసరం.

మూడంకెల నివేదిక

సంకేతం విన్నవారు పంపినవారికి మూడు అంకెలు తిరిగి చెబుతారు. దీనిని ఆర్.ఎస్.టి. నివేదిక అంటారు. అమెరికాకు చెందిన ఆర్థర్ బ్రాటెన్ అనే హామ్ 1934లో ఈ పద్ధతిని రూపొందించారు. మొదటి అంకె, ఎంత స్పష్టంగా అర్థమైనదో 1 నుండి 5 వరకు. రెండవ అంకె, ఎంత బలంగా వినబడినదో 1 నుండి 9 వరకు. మూడవ అంకె, నాదం ఎంత శుభ్రంగా ఉన్నదో 1 నుండి 9 వరకు. అన్నీ బాగుంటే 599. నివేదిక 595 అని వచ్చినదనుకోండి. స్పష్టత ఉన్నది, బలం ఉన్నది, నాదంలోనే దోషమున్నది అని అర్థం. బలం చాలదన్న రోగానికీ, నాదం బాగాలేదన్న రోగానికీ మందులు వేరు. అందుకే మూడు అంకెలను విడివిడిగా చెబుతారు.

లోపం ఎక్కడున్నది?

వైద్యుడు మందు ఇచ్చే ముందు నొప్పి ఎక్కడని అడుగుతాడు కదా! సంకేతం చెడడానికి మూడు చోట్లున్నాయి: పంపేవారి యంత్రం, మధ్యలోని దారి, వినేవారి ఇల్లు. వినేవారు మూడు ప్రశ్నలు వేసుకోవాలి.

1. పంపేవారు మీట నొక్కినప్పుడు మాత్రమే ఆ దోషం వినబడుతున్నదా? అయితే అది చాలావరకు పంపేవారిది.

2. మీట వదిలిన తరువాత కూడా రొద ఉన్నదా? అయితే అది దారిలోనిదో, మన ఇంటిదో.

3. వేరొక హామ్ సంకేతం వింటే అందులో కూడా అదే దోషం ఉన్నదా? అయితే మన యంత్రాన్నే అనుమానించాలి.

పంపేవారి లోపాలు నాలుగు

టక్కులు: మీట నొక్కగానే, వదలగానే ‘టక్’ మనే చప్పుడు. సంకేతం అతి వేగంగా మొదలై, అతి వేగంగా ఆగడమే దీనికి కారణం. బకెట్టులోని నీటిని ఒక్కసారిగా కుమ్మరిస్తే పక్కవారి కాళ్ళు కూడా తడుస్తాయి. మెల్లగా వంచితే తడవవు. అలాగే ఈ టక్కులు పక్క స్థానాలలో మాట్లాడుకొనేవారిని కూడా బాధిస్తాయి. సంకేతం లేవడానికీ దిగడానికీ సెకనులో వెయ్యోవంతులు 5 దాకా వ్యవధి ఇస్తే దోషం చాలావరకు తొలగుతుంది.

కూత: ఒకే స్థాయిలో పలకవలసిన నాదం పిట్ట కూతలాగా జారుతుంది. పల్లెటూళ్ళలో మోటారు వేయగానే ఇంట్లో దీపం ఒక్క క్షణం మసకబారడం మీ తాతగారి ఊరిలో చూచి ఉంటారు. అలాగే మీట నొక్కగానే యంత్రానికి అందే విద్యుత్తు తగ్గితే నాదం స్థాయి మారుతుంది. ఈ దోషం విన్నవారు నివేదిక చివర ‘సి’ అనే అక్షరం చేర్చి చెబుతారు.

హోరు: నాదంతో పాటు ‘గుయ్’ మనే ధ్వని. ఇక్కడా భారతదేశంలోనూ ఇంటి విద్యుత్తు సెకనుకు 50 ఆవృత్తాలతో దిశ మార్చుకొంటూ ప్రవహిస్తుంది. దానిని ఒకే దిశలో సాఫీగా ప్రవహింపజేసే భాగాలలో కెపాసిటర్ ఒకటి. అది పాతబడితే ఆ ఎగుడుదిగుడు నాదంలో కలుస్తుంది. ఇంటి విద్యుత్తుకు బదులు బ్యాటరీతో నడిపి చూస్తే గుట్టు తెలుస్తుంది. హోరు పోయినదా? దోషం విద్యుత్తును అందించే భాగానిదే.

చీలిక: మీట కొనలకు మురికి పట్టినా, అవి సరిగా ఆనక అదిరినా ఒక చుక్క రెండుగా చీలుతుంది. అప్పుడు ‘ఇ’ కాస్తా ‘ఐ’ అవుతుంది. కొనలను శుభ్రపరచి, మీట ఎడమును సరిచేస్తే చాలు.

ఒకేసారి రెండు మార్పులు చేయరాదు. ఒకటి మార్చి, “ఇప్పుడు ఎలా ఉన్నది?” అని అవతలివారిని మళ్ళీ అడగాలి. లేకపోతే ఏ మందు పనిచేసినదో తెలియదు.

దారిలోనివి, ఇంటిలోనివి

సంకేతం అలలాగా పెరుగుతూ తరుగుతూ ఉంటే అది పంపినవారి తప్పు కాదు. రేడియో తరంగాలు నేలకు చాలా ఎత్తున ఉన్న అయనోస్ఫియర్ అనే పొర నుండి వంగి మనకు చేరుతాయి. ఆ పొర నిలకడగా ఉండదు. పగటికీ రాత్రికీ మారుతుంది. అప్పుడు వేగం తగ్గించి, ముఖ్యమైన మాటను రెండుసార్లు పంపాలి. చిటపటలు వినిపిస్తే ఎక్కడో మెరుపులు మెరుస్తున్నాయని గ్రహించాలి.

ఇక మేడలలో నివసించే మనకు పొరుగిళ్ళ యంత్రాలు ఎక్కువ. ఎల్.ఇ.డి. దీపాలు, ఫోను చార్జర్లు, లిఫ్టు మోటార్లు కూడా రొద పుట్టించగలవు. రేడియో నుండి ఏరియల్ తీగను ఊడదీస్తే రొద ఆగినదా? అది బయటి నుండి వస్తున్నది. ఆగలేదా? చాలావరకు అది యంత్రంలోనిదే.

ఒక ఆపద వేళ

హైదరాబాదులో నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో అనే సంస్థ ఉన్నది. ఆ సంస్థకు చెందిన భారతి ప్రసాద్ బృందం 2004 డిసెంబరులో అండమాన్ దీవులలోని పోర్ట్ బ్లెయిర్‌లో, అంటే నేటి శ్రీ విజయపురంలో, రేడియో కేంద్రం నెలకొల్పి ప్రపంచంలోని హామ్‌లతో సంభాషిస్తున్నది. డిసెంబరు 26 ఉదయం భూకంపం వచ్చినది. వెంటనే సునామీ విరుచుకుపడినది. ఫోను మార్గాలు తెగిపోయాయి. స్నేహం కోసం తెచ్చిన ఆ రేడియోలే దీవులలోని వారి క్షేమ సమాచారాన్ని ప్రధాన భూభాగానికి చేరవేశాయి. అటువంటి వేళ కబురు గొంతుతో పంపినా, మోర్సులో పంపినా, ఒక పేరు తప్పుగా చేరితే ఒక కుటుంబం తల్లడిల్లుతుంది. యంత్రాన్ని సరిచేసుకొనే తీరిక ఆనాడు దొరకదు. మామూలు రోజులలోనే లోపాలు వెదికి దిద్దుకోవాలి.

మర్యాద వేరు, నిజం వేరు

హామ్‌లలో ఒక అలవాటు ఉన్నది. సంకేతం ఎలా ఉన్నా, ముఖ్యంగా పోటీలలో, 599 అని చెప్పి ముగిస్తారు. వినడానికి అది మర్యాదగా ఉంటుంది. కాని కూతతో జారే నాదానికి 599 ఇస్తే, పాపం, పంపినవారు తమ యంత్రం చక్కగా ఉన్నదనే నమ్ముతారు. రేపు ఆపద వచ్చినప్పుడు ఆ నమ్మకమే వారిని ముంచుతుంది. “మీ నాదం కొంచెం జారుతున్నదండీ, ఒకసారి చూసుకోండి” అని మృదువుగా చెప్పడమే అసలైన స్నేహం.

పిల్లలూ, మన తరగతిలోనూ ఇంతే. పక్కవాడు ‘పళ్లు’ను ‘పల్లు’ అని చదివితే నవ్వకండి, “బాగుంది” అని దాటవేయకండి. మెల్లగా దిద్దండి. మిమ్మల్ని దిద్దిన వారికి కృతజ్ఞత చెప్పండి.

చేసి చూడండి

పెద్దల సమక్షంలో, బ్యాటరీతో నడిచే రేడియోను మీడియం వేవ్‌లో పెట్టి, వెలుగుతున్న ఎల్.ఇ.డి. దీపం దగ్గరికి తీసుకువెళ్ళండి. రొద పెరిగినదా? దూరం జరిగితే తగ్గినదా? ఏ గదిలో ఎంత రొద ఉన్నదో పట్టిక వ్రాయండి. ఏ విద్యుత్ పరికరాన్నీ విప్పకండి.

కొత్త మాటలు

మీట = నొక్కితే సంకేతం వెలువడే సాధనం
నాదం = ఒకే స్థాయిలో పలికే ధ్వని
ఆవృత్తం = ఒక పూర్తి చుట్టు
ఏరియల్ = తరంగాలను పంపే, అందుకొనే తీగ