బ్యాటరీదా తప్పు, డైనమోదా?

వెంబకోట్టై నుండి సాత్తూరుకో, శివకాశికో పెళ్ళికి బయలుదేరే వేళ సెకండ్‌హ్యాండ్ కారు సెల్ఫ్ తీసుకోదు. "బ్యాటరీ పోయింది, కొత్తది వేయించండి" అంటారు అందరూ. వేలు పోసి వేయించాక వారానికే మళ్ళీ మొరాయిస్తే? తప్పు బ్యాటరీని నింపవలసిన ఆల్టర్నేటరుది కావచ్చు. మెకానిక్కులు డైనమో అనేది దీన్నే.

ఒక మల్టీమీటరుతో మీరే కనిపెట్టవచ్చు. ముందు టెర్మినళ్ళపై తెల్లని పూత ఉంటే శుభ్రం చేయించండి. రాత్రంతా ఆపి ఉంచిన కారులో మంచి బ్యాటరీ సుమారు 12.6 వోల్టులు చూపుతుంది. 12.2 అంటే సగం ఖాళీ. ఇంజను నడుస్తుండగా సాధారణంగా 13.8 నుండి 14.4 దాకా రావాలి. లైట్లు వేసినా 13కు దిగకూడదు. ఇంజను నడిచినా అంకె పెరగకపోతే బెల్టు, వైర్లు, ఆ తర్వాత డైనమో చూపించండి. 15 దాటితే రెగ్యులేటరు చెడినట్టే; బ్యాటరీ ఉడికిపోతుంది. ఈ అంకెలు సరిగా ఉండీ, నిండిన బ్యాటరీ నిలవకపోతే అప్పుడు మార్చండి.

ఇంజను నడుస్తుండగా బ్యాటరీ వైరు పీకి చూసే పాత పద్ధతి మాత్రం వద్దు. వోల్టేజి ఎగసి ఎలక్ట్రానిక్ భాగాలు కాలిపోవచ్చు. బ్యాటరీ నుండి హైడ్రోజన్ వెలువడుతుంది కనుక దగ్గర నిప్పు కూడదు. బాణసంచా సీమవాళ్ళకు నిప్పురవ్వ సంగతి వేరే చెప్పాలా!

పాత కారు కొనేముందే ఈ రెండు అంకెలూ చూసుకోండి. బేరమాడేటప్పుడూ పనికొస్తాయి.