హైదరాబాదు లక్క గాజులు

హైదరాబాదు లక్క గాజులు హైదరాబాదు పాతబస్తీలో చేతితో తయారుచేసే సాంప్రదాయిక ఆభరణాలు. లక్కతో చేసిన వలయంపై గాజు రాళ్ళను, పూసలను, అద్దపు ముక్కలను ఒక్కొక్కటిగా పొదగడం వీటి ప్రత్యేకత. చార్మినారుకు పడమటి దిక్కున ఉన్న లాడ్ బజారు వీటి ప్రధాన విక్రయ కేంద్రం. 2024లో ఈ గాజులకు భౌగోళిక గుర్తింపు లభించింది.

పేరు

తెలుగులో గాజు అనే పదానికి రెండు అర్థాలు ఉన్నాయి. ఒకటి సీసాలు, అద్దాలు తయారయ్యే పదార్థం. రెండవది చేతికి తొడుగుకునే ఆభరణం. అందువలన బంగారంతో చేసినవి కూడా బంగారు గాజులే. నిజముగా గాజుతోనే చేసిన వాటిని వాడుకలో మట్టి గాజులు అంటారు. లక్క అనే మాటకు మూలం సంస్కృతంలోని లాక్షా. లాడ్ బజారు పేరు కూడా లక్కను సూచించే పదం నుండే వచ్చిందని ఒక అభిప్రాయం ఉన్నది.

ముడిపదార్థం

లక్క ఒక కీటకం స్రవించే జిగురు. ఈ కీటకపు శాస్త్రీయ నామం కెర్రియా లక్కా. ఇది మోదుగ, రేగు, కుసుమ చెట్ల లేత కొమ్మలపై జీవిస్తుంది. దేశంలో లక్క ఉత్పత్తికి జార్ఖండ్, ఛత్తీస్‌గఢ్ రాష్ట్రాలు ముఖ్యమైనవి. లక్కపై పరిశోధనకు 1924లో రాంచీ వద్ద ఒక సంస్థను స్థాపించారు. లక్క వేడికి మెత్తబడుతుంది, నిప్పు తగిలితే మండుతుంది. మహాభారతంలోని లక్క ఇంటి కథకు ఈ గుణమే ఆధారం.

తయారీ విధానం

ముందుగా లక్కను కొలిమిపై కరిగించి, రంగు కలిపి ముద్దగా చేస్తారు. ఈ ముద్దను సన్నని కడ్డీగా సాగదీసి, వలయంగా వంచి, రెండు కొసలను వేడిమీదనే అతుకుతారు. తరువాత వలయాన్ని మరల వేడిచేసి, మెత్తబడిన లక్కలో రాళ్ళను అదుముతారు. లక్క చల్లారితే రాయి పట్టదు, వేడి మించితే అప్పటికే కూర్చిన వరుస చెదరిపోతుంది. కాబట్టి గాజు నాణ్యత చాలావరకు పనివారి చేతి వేగంపై, వేడిని అంచనా వేసే అనుభవంపై ఆధారపడి ఉంటుంది. నిప్పు దగ్గరే ఎక్కువసేపు కూర్చుని చేయవలసి రావడం ఈ వృత్తిలోని ప్రధాన కష్టం.

గాజుల కొలతను అంగుళాలలోను, అంగుళంలో పదహారవ వంతులలోను చెబుతారు. 2-4 అంటే లోపలి వ్యాసం రెండుంపావు అంగుళాలు, 2-8 అంటే రెండున్నర అంగుళాలు. లక్క గాజును తిరిగి వేడిచేసి కొలతను కొంత సవరించవచ్చును. ఊడిన రాయిని మరల పొదగవచ్చును. మట్టి గాజుకు ఈ వీలు లేదు.

విక్రయం

లాడ్ బజారులో లక్క గాజులతో పాటు మట్టి గాజులు, లోహపు గాజులు కూడా అమ్ముతారు. మట్టి గాజులకు ఉత్తర ప్రదేశ్‌లోని ఫిరోజాబాదు దేశంలో ప్రసిద్ధి చెందిన కేంద్రం. లక్క గాజులు రాజస్థాన్‌లోని జైపూరులో కూడా తయారవుతాయి. పెళ్ళిళ్ళ కాలంలోను, రంజాన్ మాసంలోను లాడ్ బజారులో కొనుగోలుదారుల రద్దీ ఎక్కువగా ఉంటుంది.

భౌగోళిక గుర్తింపు

ఈ గుర్తింపు కొరకు క్రెసెంట్ హ్యాండీక్రాఫ్ట్ ఆర్టిజన్స్ వెల్ఫేర్ అసోసియేషన్ 2022లో దరఖాస్తు చేసింది. భౌగోళిక గుర్తింపుల చట్టం 1999లో చేయబడి, 2003 సెప్టెంబరు 15 నుండి అమలులోకి వచ్చింది. దీని ప్రకారం నమోదు పది సంవత్సరాలు చెల్లుతుంది, ఆపై పునరుద్ధరించుకోవచ్చును. వేరొకచోట తయారైన వాటిని ఈ పేరుతో అమ్మడం చట్టరీత్యా నేరం.

అయితే ఈ చట్టం పేరుకు రక్షణ ఇస్తుందే గాని ధరను గాని, కూలిని గాని నిర్ణయించదు. గుర్తింపును వాడుకునే హక్కు కొరకు ఉత్పత్తిదారులు అధీకృత వినియోగదారులుగా విడిగా నమోదు చేసుకోవలసి ఉంటుంది. యంత్రాలపై చేసిన లోహపు, ప్లాస్టిక్ గాజులు తక్కువ ధరకు దొరుకుతున్నందున, చేతిపనిని కొనుగోలుదారు గుర్తించగలగడమే ఈ వృత్తి మనుగడకు కీలకం.

జాగ్రత్తలు

లక్క ఆల్కహాలులో కరుగుతుంది. కాబట్టి సెంటు, స్పిరిటు తగలనీయరాదు. ఎండలోను, పొయ్యి దగ్గర ఉంచినను ఆకారం చెడవచ్చును.