మామిడి తోట మీద కిసాన్ కార్డు: పరిమితి ఎంత అడగాలి

కిసాన్ క్రెడిట్ కార్డు పరిమితి పెంచమని బ్యాంకును అడగాలా వద్దా అన్న ప్రశ్న నూజివీడు చుట్టుపక్కల మామిడి రైతుకు కార్తీకం దాటాక ఎదురవుతుంది. అప్పటికి తోట దున్నడం, ఎరువు వేయడం అయిపోయి ఉంటాయి. పూత మీద కొట్టాల్సిన మందుల ఖర్చు ముందుంటుంది. కాయ అమ్మి డబ్బు చేతికి రావాలంటే ఏప్రిల్ దాకా ఆగాలి. ఈ నాలుగైదు నెలలూ తోటను ఎవరి డబ్బుతో గట్టెక్కించాలన్నదే అసలు విషయం.

ఈ కార్డు 1998లో వచ్చింది. నాబార్డు తయారుచేసిన నమూనాను బ్యాంకులు అమలు చేశాయి. 2004లో దీర్ఘకాలిక అప్పులను కూడా ఇందులో చేర్చారు. ఇప్పుడున్న లెక్క 2012 సవరణ నుంచి వచ్చింది. పట్నాల్లో వాడే మామూలు క్రెడిట్ కార్డుకు జీతం, పాత చెల్లింపులు చూసి బ్యాంకే ఒక అంకె వేస్తుంది. కిసాన్ కార్డు అలా కాదు. దాని పరిమితి పొలం నుంచి పుడుతుంది కాబట్టి, లెక్క తెలిసిన రైతు తనకు ఎంత రావాలో బ్యాంకుకు వెళ్లకముందే చెప్పగలడు.

ఆ లెక్కకు మొదలు ‘స్కేల్ ఆఫ్ ఫైనాన్స్’. ఏ పంటకు ఎకరానికి ఎంత అప్పు ఇవ్వవచ్చో జిల్లా స్థాయి సాంకేతిక కమిటీ ఏటా నిర్ణయించే మొత్తం అది. 2022 ఏప్రిల్ జిల్లాల విభజనలో నూజివీడు, ఆగిరిపల్లి, ముసునూరు, చాట్రాయి మండలాలు ఏలూరు జిల్లాకు వెళ్లాయి. పక్కనే ఉన్న విస్సన్నపేట, రెడ్డిగూడెం ఎన్టీఆర్ జిల్లాలో చేరాయి. తోటలు ఒకే తీరువైనా రెండు జిల్లాల అంకెలు ఒకటే కానక్కర్లేదు. రైతు తన జిల్లా అంకెనే అడిగి తెలుసుకోవాలి.

ఉదాహరణకు ఎకరానికి 40,000 రూపాయలు అనుకుని మూడెకరాల తోటకు లెక్క వేస్తే పంట ఖర్చు 1,20,000 అవుతుంది. కోత తర్వాతి ఖర్చులకు, ఇంటి అవసరాలకు అందులో 10 శాతం, అంటే 12,000 కలుపుతారు. మోటారు, స్ప్రేయరు వంటి వాటి మరమ్మతులకు 20 శాతం, అంటే 24,000 వస్తుంది. పంట బీమా ప్రీమియం వదిలేస్తే మొదటి ఏడాది పరిమితి 1,56,000. కార్డు గడువు ఐదేళ్లు. ఖర్చులు పెరుగుతాయి కనుక ఏటా 10 శాతం కలుపుకుంటూ పోతే ఐదో ఏడాదికి దాదాపు 2,28,400 అవుతుంది. కార్డు మీద రాసే గరిష్ఠ పరిమితి ఈ చివరి అంకే. అందువల్ల రెన్యువల్ సరిగా జరిగే కార్డుకు కొంత పెరుగుదల అడగకుండానే రావాలి. రాకపోతే పాత స్కేలుతోనే నడుస్తోందా, వరి తీసేసి మామిడి పెట్టినా రికార్డులో ఇంకా వరే ఉందా అన్నది ముందు చూడాలి. ప్రభుత్వ పంట నమోదు ‘ఈ-క్రాప్’లో మామిడి అని ఉంటే స్కేలు మార్చమనే వాదనకు బలం ఉంటుంది. పరిమితి పెంచమనడానికి ఇంతకన్నా మంచి కారణం లేదు, ఎందుకంటే ఇది అదనపు అప్పు అడగడం కాదు, తోటకు న్యాయంగా రావాల్సింది అడగడం.

అడిగే ముందు రెండు గీతలు గుర్తుంచుకోవాలి. మొదటిది పూచీకత్తు. 2025 జనవరి 1 నుంచి వ్యవసాయ రుణాలకు 2 లక్షల వరకు పొలం తనఖా పెట్టనక్కర్లేదని రిజర్వు బ్యాంకు చెప్పింది. అంతకుముందు ఇది 1.6 లక్షలు. పై ఉదాహరణలో ఐదేళ్ల అంకె ఈ గీత దాటేసింది. 2 లక్షల దగ్గర ఆగితే సరిపోయే రైతు, వాడని 28,000 కోసం పొలం కాగితాలు బ్యాంకులో పెట్టడం అనవసరం.

రెండో గీత వడ్డీది. స్వల్పకాలిక పంట రుణం 3 లక్షల వరకు 7 శాతానికి దొరుకుతుంది. గడువులోగా కడితే 3 శాతం తగ్గి 4 శాతమే పడుతుంది. ఆ పైన తీసుకున్న దానికి బ్యాంకు తన మామూలు వడ్డీ వేస్తుంది. 2025-26 కేంద్ర బడ్జెట్‌లో ఈ 3 లక్షలను 5 లక్షలు చేస్తామని ప్రకటించారు. తన శాఖలో ఏది అమలవుతోందో రైతు అడిగాకే దరఖాస్తు రాయాలి.

పరిమితి పెంచుకోవాల్సిన అవసరం నూజివీడులో ఎక్కువగా తెలిసేది పూత సమయంలో. డిసెంబరు, జనవరిల్లో తేనె మంచు పురుగుకు, బూడిద తెగులుకు, ఈ మధ్య తామర పురుగుకు మందులు వరసగా కొట్టాలి. కాయకు కవర్లు తొడిగేవారికి కూలి ఖర్చు ఇంకా పెరుగుతుంది. కార్డులో డబ్బు లేకపోతే రైతు రెండు చోట్లకు వెళ్తాడు. ఒకటి కమీషన్ వ్యాపారి. అతను అడ్వాన్సు ఇస్తాడు, దానికి బదులు కాయ తన దగ్గరికే రావాలంటాడు. రసాలకైనా బంగినపల్లికైనా నున్న మామిడి మార్కెట్లో ధర బాగున్న రోజున ఆ రైతు బేరం ఆడలేడు. ఇంకొకటి ఊళ్లో నెలకు నూటికి రెండు రూపాయల వడ్డీ. లక్ష మీద ఏడాదికి 24,000. అదే లక్ష కార్డులో దొరికితే 7,000, గడువులో కడితే 4,000. ఈ రెండు అప్పుల్లో ఏదైనా తీర్చడానికి పెంచుకునే పరిమితి తప్పకుండా లాభమే. ఇక్కడ మొహమాటపడి అడగని రైతే నష్టపోతున్నాడు.

అడగకూడని సందర్భం కూడా స్పష్టంగానే కనిపిస్తుంది. గడువు రోజు దగ్గర పడగానే చేబదులు తెచ్చి కార్డు అప్పు కట్టి, మర్నాడే మళ్లీ మొత్తం తీసి ఆ చేబదులు తీర్చేయడం చాలా ఇళ్లలో జరుగుతుంది. ఒక ఏడాది కాపు పోయి ఇలా చేస్తే అర్థం చేసుకోవచ్చు. మూడేళ్లుగా ఇదే వరస అంటే తోట తన అప్పు తాను తీర్చలేకపోతోందని అర్థం. అక్కడ పరిమితి పెంచితే పెరిగిన డబ్బు పాత అసలుకూ వడ్డీకీ పోతుంది. పెళ్లి, చదువుల ఫీజు, ఇంటి మీద స్లాబు వంటి వాటికీ కార్డు తగదు. అవి ఒక్క కాపుతో తీరేవి కావు, కార్డు అప్పు ఒక్క కాపుతో తీరాల్సింది. తోట కొట్టి పామాయిల్ వేయాలనుకునేవారు అడగాల్సింది కూడా పరిమితి కాదు, టర్మ్ లోను.

ఎంత అడగాలన్నది మంచి కాపు చూసి తేల్చుకోకూడదు. బంగినపల్లి ఒక ఏడాది విరగకాస్తే మరుసటి ఏడాది కాపు తగ్గిస్తుంది. మే నెల ఈదురుగాలికి కోతకొచ్చిన కాయ ఒక్క రాత్రిలో నేలరాలుతుంది. కాపు తక్కువైన ఏడాది తోట మీద చేతికొచ్చిన డబ్బులో మందులు, కూలి పోగా మిగిలినదెంతో చూడాలి. దానికి పశువుల పాలో ఇంకో ఆదాయమో ఉంటే కలుపుకోవచ్చు. అంతకు మించిన అప్పు గడువులో తీరదు, 4 శాతం వడ్డీ అనే లాభమూ దక్కదు. గడువు తేదీ కోత అయ్యాక, అంటే జూన్ తర్వాత పడేలా చూడమని శాఖలో అడగడం పరిమితి అంత ముఖ్యం.

యజమాని విదేశంలో ఉండి తోటను అన్నదమ్ములో కౌలుదారో చూస్తున్న చోట మరికొన్ని చిక్కులున్నాయి. ఉమ్మడి పేరున్న పొలాన్ని తనఖా పెట్టాలంటే అందరి సంతకాలూ కావాలి. రాలేనివారు భారత కాన్సులేట్‌లో ధ్రువీకరించిన పవర్ ఆఫ్ అటార్నీ పంపాలి. యజమాని పేరున కార్డు అప్పు నడుస్తుంటే అదే పొలం మీద కౌలుదారుకు బ్యాంకు ఇంకో అప్పు ఇవ్వదు. విదేశంలో ఉన్నవారికి ఆ అప్పుతో పనిలేకపోతే దాన్ని మూసి, 2019 పంట సాగుదారుల హక్కుల చట్టం కింద కౌలుదారుకు సాగుదారు హక్కుల కార్డు వచ్చేలా సంతకం పెట్టడం మంచిది. ఆ కార్డు భూమి హక్కును తాకదు. 11 నెలలకే చెల్లుతుంది కాబట్టి ఆ సంతకం ఏటా కావాలి.